నిండు టాంకుతోనే నెగ్గాలి

డాబ్సన్ రేవులో మంచు పడడం మొదలైందంటే పడవల్లోనే కాపురముండే వాళ్లు రెండింటికి భయపడతారు. ఒకటి కాలువ గడ్డకట్టడం. రెండోది కెజీయా టాలీ.

కాలువ గడ్డకడితే కదలకుండా ఇంట్లో కూర్చుంటే సరిపోతుంది. కెజీయా వస్తే అలా కుదరదు. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఒక చేతిలో సబ్బునీళ్ల డబ్బా, ఇంకో చేతిలో ఆమె మొగుడు గడ్డం గీసుకునేటప్పుడు వాడిన బ్రష్షు. తలుపు తట్టే అలవాటు లేదు, పడవ కప్పు మీద పిడికిలితో దబదబా బాదుతుంది.

"ఉన్నారా, పోయారా?"

ఉన్నామని లోపలినుంచి ఎవరో ఒకరు గొణుగుతారు. లోపలికి అడుగు పెడుతూనే ఆమె చూపు తలుపు అడుగున ఉన్న గాలి కన్నాల మీదికి పోతుంది. చలికి తాళలేక జనం వాటిలో పాత సాక్సులు కుక్కుతారు. గాలి ఆడకపోతే పొయ్యి వదిలే విషం లోపలే నిలుస్తుందని తెలిసి కూడా కుక్కుతారు. ఏం జనమో! కెజీయా మోకాళ్ల మీద కూర్చుని ఆ సాక్సులు ఒక్కొక్కటే పీకి బయటికి తీస్తుంది.

"ఇవి కాళ్లకేసుకునేవిరా, పడవకి కాదు!"

పీకిన సాక్సులను వాళ్లకే ఇచ్చేస్తే ఇంత భయం ఎందుకు? తీసుకుపోయి తన పడవ కప్పు మీద తాడు కట్టి ఆరేస్తుంది. గట్టు మీద పోయే ప్రతివాడికీ కనబడతాయి. ఎవరి సాక్సులు వాళ్లు సిగ్గు విడిచి వచ్చి తీసుకుపోవాలి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన రోద్రీ అనే వేల్సు మనిషివి ఆ తాడు మీద ఎన్నిసార్లు వేలాడాయో లెక్కే లేదు.

తర్వాత గ్యాసు గొట్టాల దగ్గరికి వెళ్తుంది. ఆమె పానా పట్టుకోగా ఎవరూ చూడలేదు. జనం కాపురం ఉండే పడవలో గ్యాసు గొట్టం విప్పాలన్నా బిగించాలన్నా ఆ పనికి రిజిస్టరైన మనిషే చెయ్యాలని చట్టం. కెజీయా చట్టం గీత దాటదు. అతుకుల మీద సబ్బు నురగ పూసి, కళ్లజోడు సవరించుకుని చూస్తుంది. నురగ ఉబ్బిందంటే గ్యాసు కారుతున్నట్టు. అప్పుడు బండ కట్టేసి, పొయ్యి ముట్టనియ్యకుండా, గ్యాసు మనిషికి ఫోన్ చేసేదాకా అక్కడే తిష్ఠ వేస్తుంది.

ఆమెకి ఈ పట్టుదల ఊరికే రాలేదు.

బొగ్గు మోసే పడవలో, వెనక ఉన్న చిన్న గదిలో పుట్టింది కెజీయా. తల్లి ఆ గదిలోనే పిల్లల్ని కంది, వండింది, ఉతికింది. కెజీయా చుక్కాని అందనంత చిన్నతనంలోనే పెట్టె మీద నిలబడి పడవ నడిపింది. బడి అంటే పడవ ఆగిన ఊళ్లో ఆగినన్నాళ్లు. చదువు అంతంతమాత్రమే అబ్బింది గానీ, కాలువ మీద ఏ లాకు తలుపు ఎంత బరువో చేతులతో చెప్పగలదు. బొగ్గు మోసే కాలం పోయింది, పడవలు ఇళ్లయిపోయాయి. పడవల మరమ్మతు రేవులో కమ్మరి పని చేసే ఆమోస్ టాలీని పెళ్లాడింది. ఇద్దరూ కలిసి పాత ఇనప పడవ కొని, ఆమోస్ చేతులతోనే ఇల్లు చేసుకున్నారు. దానికి లార్క్ అని పేరు పెట్టి, పక్కన గులాబీలు ఆమె స్వయంగా రంగులతో వేసింది.

ఆమోస్‌కి ఒక చెల్లెలు, సబీనా. తనకీ ఒక పడవ ఉండేది. అప్పట్లో తనిఖీలు లేవు, రూల్సు లేవు. ఎవడికి తోచినట్టు వాడు గ్యాసు పెట్టుకునేవాడు. ఒక పొద్దున సబీనా టీ పెడదామని అగ్గిపుల్ల గీసింది. రాత్రంతా కారిన గ్యాసు నేల చెక్కల కింద చేరి ఉంది. ఆ గ్యాసు గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. పడవంటే నీళ్ల మీద తేలే ఇనప గిన్నె, దాని అడుగున చేరిన గ్యాసుకి పోయే దారేది? చెక్కలు లేచిపోయాయి. సబీనా బతికింది. చేతులు మాత్రం మళ్లీ చేతుల్లా పనిచెయ్యలేదు. ఆమె పోయేదాకా ఆమె జుట్టు దువ్వింది కెజీయానే.

అందుకే తనిఖీ రూల్సు వచ్చినప్పుడు పబ్బులో జరిగిన మీటింగు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పడవల వాళ్లంతా మండిపడుతున్నారు. నాలుగేళ్లకోసారి ఎవడో వచ్చి మన పొయ్యి చూడ్డమేమిటి, సర్టిఫికెట్ లేకపోతే లైసెన్సు ఇవ్వకపోవడమేమిటి, లైసెన్సు లేకపోతే కాలువ మీంచి పొమ్మనడమేమిటి అని ఒకటే గోల. ఒకాయన బల్ల గుద్ది, "నా పడవ, నా పొయ్యి, నా చావు! మధ్యలో వీళ్లెవరు?" అన్నాడు.

కెజీయా లేచి నిలబడింది. "నీ చావు నీదే నాయనా, ఎవరొద్దన్నారు? నీ పక్కన కట్టేసిన పడవ నాది."

ఆ మాటతో పబ్బు సద్దుమణిగింది. అప్పటినుంచి తనిఖీ అంటే ఆమెకి పండగ లెక్క. లార్క్ ప్రతిసారీ మొదటి చూపులోనే నెగ్గింది. ఆ సంగతి రోజుకోసారైనా ఎవరితోనో ఒకరితో అనకపోతే ఆమెకి తిన్నది అరగదు. గర్వమా అంటే గర్వమే. దాచుకోదు కూడా.

రెండు చలికాలాల కింద ఆమోస్ పోయాడు. ఆయన పని చేసిన రేవు అమ్మేశారు. కొలిమి కొట్టాన్ని కూలగొడుతున్నారని తెలిసి కెజీయా పరుగున వెళ్లి ఆయన సామానంతా పడవకి చేర్చుకుంది. ఇనుము సాగగొట్టే దాగలి, దాని కింది మొద్దు, ఇనుముని బిగించి పట్టుకునే నిలువెత్తు వైసు, సమ్మెటలు, పెట్టెల నిండా పట్టకార్లు. అన్నిటినీ పడవ ముందు గదిలో పెట్టించింది. ఆదివారం పూట తలుపేసుకుని వాటికి నూనె రాసేది. ఆ గదిలోకి ఇంకెవరినీ రానిచ్చేది కాదు.

అప్పటినుంచే లార్క్ మొండికెయ్యడం మొదలుపెట్టింది. ఆపబోతే ఆగదు, మలుపు తిప్పితే తిరగదు, వెనకాల ప్రొపెల్లరు నీళ్లని పట్టకుండా ఉత్త నురగ కొడుతుంది. "నా చేతుల్లో పస అయిపోయింది" అనుకునేది కెజీయా. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆమోస్ పోయాక మొదటి తనిఖీ ఈ అక్టోబరులో వచ్చింది. లైసెన్సు గడువు ఆ నెలాఖరుకే. సర్టిఫికెట్ లేని పడవని రేవు యజమాని ఒక్క పూట కూడా ఉండనివ్వడు. తనిఖీకి వచ్చే పర్కిస్ గారు ఈ వైపు మళ్లీ రావడం క్రిస్మస్ దాటాకనే. అంటే ఈ రోజు నెగ్గకపోతే చలికాలం నడిమధ్య కెజీయాకి ఇల్లు ఉండదు. అయినా ఆమెకి ఇసుమంత బెంగ లేదు. లార్క్ తప్పడమా?

ముందు రోజంతా ఇత్తడి సామాను తోమింది. అంచులు లేసు అల్లికలా ఉన్న పింగాణీ పళ్లాలు గోడకి వరసగా తగిలించింది. కొత్త గ్యాసు బండ తెప్పించింది. చలికాలానికి కావలసిన బొగ్గు బస్తాలు ముందు వైపు పేర్పించింది. పడవని నీళ్ల కుళాయి దగ్గరికి తెచ్చి టాంకు అంచుదాకా నింపింది. కాలువ మీద పుట్టిన ఆడవాళ్లకి అదొక పట్టింపు. చుట్టం వచ్చే వేళకి ఇంట్లో నీళ్లు తక్కువుంటే తలవంపులు. ఆమె తల్లి రంగులేసిన నీళ్ల బిందెల్ని పడవ కప్పు మీద నింపి పెట్టాకే ఎవరినైనా లోపలికి పిలిచేది.

అంతటితో ఆగిందా? రేవులో వాళ్లందరినీ వచ్చి చూడమంది. "తనిఖీ ఎలా నెగ్గాలో కళ్లారా చూసి నేర్చుకోండి" అని మరీ పిలిచింది. జనం టీ కప్పులు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. రోద్రీ అయితే ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకున్నాడు.

పర్కిస్ బక్కపలచని మనిషి. మాట తక్కువ, పని అయ్యేదాకా టీ కూడా ముట్టడు. పొయ్యి వెలిగించి ఆర్పాడు. మంట ఆరితే గ్యాసు తనంతట తనే ఆగిందో లేదో చూశాడు. గొట్టాల మీద తారీఖులు చూశాడు. గాలి కన్నాలు కొలిచాడు. బండ పక్కన గొట్టానికి అమర్చిన చిన్న గాజు బుడ్డి మీద మీట నొక్కి పట్టుకున్నాడు. లీకుంటే అందులో బుడగలు లేస్తాయి. ఒక్క బుడగ లేవలేదు.

"చూశావురా రోద్రీ?" అంది కెజీయా గట్టువైపు తిరిగి.

"చూస్తున్నానక్కా, చూస్తున్నా" అన్నాడు రోద్రీ కుర్చీలోంచి.

పర్కిస్ చివరికి పడవ ముక్కు దగ్గరికి వెళ్లాడు. గ్యాసు బండలు ఉండేది అక్కడే, ముందు కొసలో ఒక ఇనప గూట్లో. గూడు అడుగున ఒక కన్నం ఉంటుంది, పడవ పక్కకి తెరుచుకుని. బండ కారితే ఆ గ్యాసు కన్నంలోంచి బయటికి, నీళ్ల మీదికి పోవాలి. పర్కిస్ గూట్లోకి టార్చి వేశాడు. తర్వాత పడవ అంచున బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాచాడు. చాలాసేపు లేవలేదు.

"టాలీ గారూ, ఒకసారి ఇలా వస్తారా?"

ఆ గొంతు విని కెజీయా గబగబా ముక్కు దగ్గరికి వెళ్లింది.

"గూట్లో నీళ్లున్నాయి" అన్నాడాయన.

"వాన నీళ్లు. మూత సందులోంచి పడుంటాయి. తుడిచేస్తా."

"వాన కాదు, కాలువ నీళ్లు. కన్నం నీటి కింద ఉంది."

"ఉండదు" అంది కెజీయా. "నీళ్లకి బెత్తెడు పైన తొలిచాడు మా ఆయన. నేనే దగ్గరుండి దీపం పట్టుకున్నాను."

"తొలిచినప్పుడు పైనే ఉండి ఉంటుంది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడండి."

ఆమె బోర్లా పడుకుని చెయ్యి ముంచింది. చల్లటి నీళ్లలో ఇనుము తడుముకుంటూ పోతే, మణికట్టు దాటాక వేలు కన్నంలోకి దిగింది. అందరి గొట్టాలూ తడిమిన చెయ్యి, తన పడవని బయటివైపు నుంచి ఒక్కసారీ తడమలేదు.

"ఇప్పుడు బండ కారిందనుకోండి" అన్నాడు పర్కిస్ నెమ్మదిగా. "పోయే దారి ఇదొక్కటే, అది నీళ్లతో మూసుకుంది. గూడు నిండి, అంచు దాటి, మీ తలుపు కింది కన్నాల్లోంచి నేరుగా లోపలికి దిగుతుంది. ఇలా ఉంటే నేను పాసు చెయ్యలేను."

గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. రోద్రీ అంత మంచి అవకాశం వదులుకునే మనిషి కాదు.

"కెజ్ అక్కా! నీ కన్నంలో ఎవరో సాక్సు కుక్కినట్టున్నారే!"

అందరూ గొల్లుమన్నారు. కెజీయా చెవులదాకా ఎర్రబడింది. తల కొట్టేసినట్టయింది. ఎన్నేళ్ల పరువు, తనే పిలిచి కూర్చోబెట్టిన జనం ముందు కాలువలో కలిసిపోయింది. ఆ నవ్వు వెనకాలే, ఈ నెలాఖరుకి ఎక్కడికి పోతానన్న భయం మొదటిసారి ఆమెని పట్టుకుంది. నవ్విన వాళ్లకీ ఆ సంగతి తట్టినట్టుంది, నవ్వు తొందరగానే ఆగిపోయింది.

పర్కిస్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "నీళ్ల టాంకు ఈ ముందు వైపే కదా. నిండుగా ఉందా?"

"అంచుదాకా. మీరొస్తున్నారని నింపాను."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నా కళ్లకి ఎలా కనబడితే అలా రాస్తాను. ఇప్పుడు తామ్సిన్ గారి పడవ చూడాలి, ఆ తర్వాత భోంచెయ్యాలి. అవన్నీ అయ్యాక ఇటొస్తాను." అంతవరకు చెప్పి ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. "అప్పటికి నాకేం కనబడుతుందో అప్పుడు చూద్దాం."

అర్థం కాని వాళ్లెవరూ లేరక్కడ. టాంకులో నీళ్లు తగ్గితే పడవ ముక్కు లేస్తుంది. ముక్కు లేస్తే కన్నం బయటపడుతుంది.

ఆయన అటు వెళ్లాడో లేదో, ఇక చూడండి! రేవులో జాతర మొదలైంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే తామ్సిన్, పర్కిస్ కోసం తన పడవ తలుపులు బార్లా తెరిచేసి, చంటిదాని మురికి గుడ్డలన్నీ మూటకట్టి లార్క్‌లోకి తెచ్చింది. ఒకావిడ కుక్కకి స్నానం పోస్తానంది. ఇంకొందరు బక్కెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. రోద్రీ తుండుగుడ్డ భుజాన వేసుకుని స్నానాల గదిలో దూరాడు. వేడినీళ్లు ధారగా వదిలి, గొంతెత్తి చర్చి పాటలు పాడడం మొదలుపెట్టాడు.

"ఒరే, నీళ్లు పొయ్యమన్నాను గానీ అరవమన్నానా?" అని కెజీయా గోడ మీద బాదింది.

"పాట లేకపోతే నాకు మురికి వదలదక్కా!"

కెజీయా ముందువైపు బొగ్గు బస్తా మీద కూర్చుని నీళ్లలోకి చూస్తోంది. పడవ ముక్కు కొంచెం కొంచెంగా లేస్తోంది. మొదట కన్నం పై అంచు కనబడింది, తర్వాత సగం, తర్వాత పూర్తిగా బయటికొచ్చింది. గూట్లోంచి కాలువ నీళ్లు బుడబుడమని కారిపోయాయి. తడి తలతో, తుండు చుట్టుకుని బయటికొచ్చిన రోద్రీ వంగి చూసి, "తేలింది! నెగ్గాం!" అని కేక పెట్టాడు.

కెజీయాకి ప్రాణం లేచి వచ్చింది. ఇల్లు దక్కింది. పరువూ దక్కింది, సగమైనా.

అప్పుడే తామ్సిన్ చంటిదాని గుడ్డలు పిండుతూ, ఆమెని ఊరడిద్దామని అంది. "బెంగ పడకత్తా. ఆయన వెళ్లిపోయాక మళ్లీ నింపుకుందువు గానిలే."

కెజీయా తలెత్తి ఆ పిల్లని చూసింది. ఈ మాట ఆమె ఎన్నిసార్లు విందని! తలుపు అడుగునుంచి సాక్సు పీకి నిలదీసినప్పుడల్లా వీళ్లు చెప్పేది ఇదే. తనిఖీ ఆయన వచ్చేనాటికి తీసేస్తాం, ఆయన వెళ్లిపోయాక మళ్లీ పెట్టుకుంటాం. ఆ మాట అన్న ప్రతివాణ్నీ ఆమె కడిగి పారేసింది. ఇప్పుడు తన బొగ్గు బస్తా మీద కూర్చుని తనే ఆ పని చేస్తోంది.

ఆమె లేచి లోపలికి వెళ్లి కుళాయిలన్నీ కట్టేసింది. బయటికొచ్చి, గట్టు మీది కుళాయికి గొట్టం తగిలించి, రెండో కొస టాంకులో పెట్టి తిప్పింది.

"అక్కా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు రోద్రీ. "మళ్లీ నింపుతావేంటి?"

"ఆయన వచ్చేసరికి టాంకు నిండాలి."

"నిండితే కన్నం మునుగుతుందిగా!"

"మునక్కూడదు. టాంకు నిండినా మునక్కూడదు, అదీ రూలు. దప్పికతో ఉన్నంతసేపే మంచిదైతే అదేం పడవరా? రేపు నేను నీళ్లు నింపుకోనా? నింపుకుని ఇందులో పడుకోనా?"

"ఈ ఒక్కరోజూ..."

"ఒక్కరోజు కోసమైతే నీ సాక్సులు ఇన్నేళ్లు ఎందుకు ఆరేశానురా?"

తామ్సిన్ మెల్లగా అడిగింది. "మరి ముక్కు లేవాలంటే ముందువైపు బరువు తగ్గించాలి కదత్తా. బొగ్గు వెనక్కి చేరుద్దాం."

బొగ్గు బస్తాలు వెనక కప్పు మీదికి చేరాయి. టాంకు నిండుతోంది, కన్నం మళ్లీ నీళ్లకి అందింది. చాలలేదు. అందరి కళ్లూ మూసి ఉన్న ముందు గది తలుపు మీద పడ్డాయి. లోపల ఏముందో అందరికీ తెలుసు.

చివరికి రోద్రీనే అన్నాడు, వెటకారం వదిలేసి. "అక్కా... ఆమోస్ సామాను."

"దాన్ని ముట్టుకోవద్దు" అంది కెజీయా వెంటనే.

అంది గానీ, అన్నాక ఆమె మెదడు పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ సామాను వచ్చినప్పటినుంచే కదా లార్క్ మొండికేసింది. ముక్కు దిగితే వెనక లేస్తుంది. వెనక లేస్తే ప్రొపెల్లరు పైకి తేలి నురగ కొట్టక ఏం చేస్తుంది? చేతుల్లో పస పోవడం కాదు, ఏమీ కాదు. బొగ్గు పడవలో పుట్టి, ముందెంత వెనకెంత బరువు పేర్చాలో పాలతోపాటు నేర్చుకున్న మనిషి, రెండేళ్లుగా ఈ ఒక్క సంగతీ చూడలేదు. చూడదలుచుకోలేదు.

"పోయి ఇన్నాళ్లయినా నా పడవ ముంచుతున్నాడు చూశావా, ఈ మొగుడు" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. జనమంతా చూస్తుండగా చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆమోస్‌ని మట్టి చేసిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు. తామ్సిన్ చంకలోని చంటిదాన్ని ఎవరికో అందించి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

కాసేపాగి రోద్రీ గొంతు సవరించుకున్నాడు. "పోనీ... పాత ఇనుము కొనేవాళ్లు ఉంటారక్కా, మంచి..."

"నోర్ముయ్ వెధవా!" కెజీయా ఒక్క ఉదుటున లేచింది. "అమ్మడమేంటి, అమ్మడం? వెనక్కి పెట్టండి. చుక్కాని దగ్గర."

ఆ తిట్టు వినగానే అందరికీ ఊపిరొచ్చింది. ఆమె మళ్లీ మామూలు మనిషైంది.

ముందు గది తలుపు తెరుచుకుంది. సమ్మెటలు, పట్టకార్ల పెట్టెలు చేతులు మారుతూ గట్టు మీదికి వచ్చి, గట్టు మీంచి వెనకవైపుకి చేరాయి. ఆ వరసలో నిలబడ్డ ప్రతివాడూ ఏదో ఒక చలికాలంలో ఆమె చేత తిట్లు తిన్నవాడే. వైసు మోస్తూ ఒకడు, "నా ఊలు సాక్సు ఇంకా నీ దగ్గరే ఉంది కెజ్ అత్తా, దీంతో చెల్లు" అన్నాడు. దాగలిని మాత్రం చేతులతో మొయ్యడం ఎవరివల్లా కాలేదు. చెక్కలు పరిచి, తాళ్లు వేసి, తోపుడు బండి మీదికి దింపారు. రోద్రీ ముందు పట్టుకుని, ఇంకో ఇద్దరు వెనక తోస్తుంటే అది గట్టు మీద కదిలింది.

"మెల్లగారా! పడేశారంటే మీరూ దాంతోపాటే అడుక్కి పోండి!" అని కెజీయా పక్కనే నడిచింది, చెయ్యి దాగలి మీంచి తియ్యకుండా.

సరిగ్గా అప్పుడే పర్కిస్ తిరిగొచ్చాడు. వచ్చి అక్కడే ఆగిపోయాడు. గట్టు మీది బురదలో బండి చక్రం దిగబడింది, అందరూ రొప్పుతున్నారు.

"ఒక చెయ్యి వెయ్యండి సారూ!" అన్నాడు రోద్రీ.

"వెయ్యకూడదు. నేను చూసే పడవకి నేను పని చెయ్యకూడదు, రూలు" అన్నాడాయన. అనేసి రెండు చేతులూ జేబుల్లో కుక్కుకున్నాడు. చక్రం కదిలినప్పుడల్లా ఆయన భుజాలు కూడా వాళ్లతోపాటు ముందుకి వంగుతూనే ఉన్నాయి.

దాగలి చుక్కాని పక్కన, మొద్దు మీద కుదురుకుంది, కదలకుండా ఇనప పట్టీలతో బిగించారు. లార్క్ వెనక భాగం చిన్నగా మూలిగి నీళ్లలోకి దిగింది. టాంకు నిండి మూతిలోంచి నీళ్లు పొర్లాయి. అప్పుడు కెజీయా కుళాయి కట్టేసి, కొప్పు సర్దుకుని, పర్కిస్ వైపు తిరిగింది.

"ఇప్పుడు చూడండి."

ఆయన మళ్లీ బోర్లా పడుకున్నాడు. గట్టు మీద అందరూ ముందుకి వంగి చూశారు. రోద్రీ కూడా కుర్చీలో కూర్చోలేదు.

"ఒక బక్కెట్ నీళ్లివ్వండి" అన్నాడు పర్కిస్. తీసుకుని గ్యాసు గూట్లో కుమ్మరించాడు. పడవ పక్కనున్న కన్నంలోంచి ధార బయటికి దూకి, కాలువలో పడింది. ధార ఆగాక కూడా కన్నం కింద పొడి ఇనుము కనబడుతూనే ఉంది. పర్కిస్ వెనకవైపుకి కూడా నడిచి, అక్కడ ఇంజను పొగ పోయే కన్నాలూ నీళ్లకి ఎంత ఎత్తులో ఉన్నాయో చూసి వచ్చాడు.

"టాంకులో నీళ్లు తగ్గించి ఉంచుతారనుకున్నాను" అన్నాడు.

"తగ్గించాను. కన్నం తేలింది కూడా. మళ్లీ నింపాను."

"ఎందుకు?"

"మీరు నాలుగేళ్లకోసారి వస్తారు బాబూ. నేను రోజూ ఇందులో పడుకుంటాను."

నవ్వడం అలవాటు లేని పర్కిస్ మొహం కొంచెం తడబడింది. "పాసు" అన్నాడు. "టాలీ గారూ, ఇప్పుడు ఆ టీ ఇస్తారా?"

గట్టంతా ఈలలతో మారుమోగింది. కెజీయా అందరికీ టీ పోసింది, బ్రెడ్డు పుడ్డింగు కోసి పెట్టింది. మొదటి చూపులో నెగ్గలేదన్న సంగతి ఎవరో ఎత్తబోతే, "అవును, నెగ్గలేదు. రెండో చూపులో, నిండు టాంకుతో నెగ్గింది. మీలో ఎవడైనా నెగ్గాడా అలా?" అని తలెగరేసింది. ఆ గర్వానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, వాళ్ల గర్వం కూడా అందులో కలిసుంది.

పొద్దు వాలకముందే కుళాయి దగ్గరినుంచి పడవని తన చోటికి తీసుకుపోవాలి. కెజీయా ఇంజను ముట్టించింది. తాడు విప్పడానికి రోద్రీ గట్టు మీద నిలబడ్డాడు. ఆమె చుక్కాని పట్టుకుని, దాగలి పక్కన నిలబడి, మెల్లగా కదిలించింది. ప్రొపెల్లరు నురగ కొట్టలేదు. నీళ్లని గట్టిగా పట్టుకుని తోసింది. మలుపు దగ్గర చుక్కాని ఇలా తిప్పిందో లేదో లార్క్ అలా తిరిగింది. ఆపితే ఆగింది.

"అక్కా, వింటోందే నీ మాట!" అన్నాడు రోద్రీ పక్కనే నడుస్తూ.

కెజీయా చెయ్యి చుక్కాని మీదుంది, ఇంకో చెయ్యి దాగలి మీద. చలికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"వినకేం చేస్తుందిరా? బతికినన్నాళ్లూ ఆయన ఇక్కడే, వెనకాల నిలబడి పడవ నడిపాడు. నేను తీసుకెళ్లి ముందు గదిలో తలుపేసి కూర్చోబెట్టాను."